లేని కిటికీకి తలుపులు

ఏప్రిల్ 22, మంగళవారం

మా ఇంటికి పదకొండు కిటికీలట. ఇల్లు కొన్నది మేం, అద్దాలు తుడిచేది నేను, లెక్కపెట్టింది మాత్రం తెనాలిలో కూర్చున్న గోవిందరాజులుగారు. ఆయన నా భార్య చంద్రిక పుట్టింటివాళ్ళ సిద్ధాంతి. పొద్దున తను వంటింట్లోంచి ఆయనతో ఫోన్లో చాలాసేపు మాట్లాడి, నేనున్న గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. ఈ గదిలోకి తను రాదు.

"పదకొండు బేసి విక్రాంత్. కిటికీలు సరి సంఖ్యలో ఉండాలట. తూర్పు గోడకి ఇంకోటి ఉండాలంటున్నారు."

తూర్పు గోడంటే ఈ గది గోడే. ఇది పాప కోసం అనుకున్న గది. ఫిబ్రవరిలో, ఐదో నెల దాటాక, పాప కడుపులోనే పోయింది. అప్పట్నుంచి నేను పగలంతా ఇక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. ఆఫీసులో నడుం నొప్పి అని చెప్పాను. నిజంగానే నొప్పి ఉంది కూడా.

సిద్ధాంతిగారికి జవాబేం చెప్పాలో నాకు బాగా తెలుసు గానీ, నోరు తెరవడానికి ఓపిక లేక ఊరుకున్నాను.

ఏప్రిల్ 23

ఓపిక వచ్చింది.

"జర్మనీలో ఇంటి బరువు మోసే గోడకి కన్నం పెట్టాలంటే ఎంతమంది పర్మిషన్ కావాలో మీ సిద్ధాంతిగారికి తెలుసా?" అన్నాను.

"కన్నం పెట్టక్కర్లేదు. బయట రెండు చెక్క తలుపులు బిగిస్తే చాలు. చూసేవాళ్ళకి కిటికీలా ఉండాలి, అంతే."

"అంటే డమ్మీ."

"ఇక్కడ సగం ఇళ్ళకి ఉన్నవి డమ్మీలేగా. పక్కింటి హోఫ్‌మన్ ఆంటీ వాళ్ళ పచ్చ తలుపులు ఎప్పుడైనా మూసిందా?"

"వాస్తు పురుషుడు కూడా రోడ్డు మీంచి చూసి వెళ్ళిపోతాడన్నమాట. లోపలికొచ్చి చెక్ చెయ్యడు."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది. సెల్ బయాలజీలో డాక్టరేట్ చేసిన మనిషి. ఆ మాటా అనేశాను. ఇంకా చాలా అన్నాను. అంటూ అంటూ ఎప్పుడు లేచానో, ఆమె వెనకాలే వంటింటిదాకా వెళ్ళి అరుస్తున్నాను.  చంద్రిక కాఫీ కలిపి నా ముందు పెట్టింది.

ఏప్రిల్ 24

కుదరదని చెప్పేశాను. అయిపోయింది.

ఏప్రిల్ 27, ఆదివారం

ఊరికే బయటికెళ్ళి ఆ గోడ ఎలా ఉందో చూశాను. చూస్తే తప్పేముంది.

జీగెన్ నుంచి బస్సులో అరగంట, కొండవాలు మీద పల్లె. ఈ చుట్టుపక్కల పాత ఇళ్ళకి గోడల మీద ఇనప రేకు తొడుగుతారు. మాదీ అంతే. నిలువు మడతల రేకు, బూడిద రంగు. కొన్నప్పుడు మా అమ్మ వీడియోలో చూసి, "ఏరా, గోడౌను కొన్నారా?" అంది. చంద్రిక అప్పుడు నెల తప్పి ఉంది, పొట్ట పట్టుకుని నవ్వింది. "ఉండండి అత్తయ్యా, పిల్లో పిల్లాడో వచ్చేసరికి ఇల్లులా చేస్తాం" అంది.

తూర్పు గోడ మొత్తం ఒకటే రేకు, ఒక్క మచ్చ లేదు. ఎండకి రేకు సాగుతుంటే టక్ టక్‌మని చప్పుడవుతుంది. దాని మీద తలుపులు పెట్టడం అంత తేలికేం కాదు. మేకు రేకులో దిగినంత మాత్రాన నిలవదు, వెనక ఉన్న చెక్క పట్టీకి తగలాలి. ఆ పట్టీలు ఎక్కడున్నాయో పాత స్క్రూల వరస చూస్తే తెలుస్తుంది.

చెయ్యాలని కాదు. చేస్తే ఎలా అని.

మే 3, శనివారం

చేస్తున్నాను. చంద్రిక కోసం. నాకు నమ్మకం లేదన్నది ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపు నేనే మర్చిపోకుండా.

తను బాగా నలిగిపోయింది. మనసులో ఏదో ఒక ఆశ పెట్టుకుంటే పెట్టుకోనీ. తల్లి కడుపుకోత ముందు నా సైన్సు ఎంత. ఒక జత చెక్క తలుపులతో ఆమెకి మళ్ళీ ధైర్యం వస్తుందంటే అంతకంటే తేలికైన మందు ఉందా?

బౌమార్క్ట్‌కి, అదే చెక్కా రంగులూ అమ్మే పెద్ద కొట్టుకి, ఇద్దరం వెళ్ళాం. దేవదారు పలకలు, రబ్బరు వాషర్లున్న స్టెయిన్‌లెస్ స్క్రూలు, చెక్కకి పూసే నూనె తీసుకున్నాం. రంగు దగ్గర నిలబడి, "నీకేది నచ్చింది?" అన్నాను.

"నీ ఇష్టం."

"ఇది నీ కోసం చంద్రికా. నువ్వే చెప్పాలి."

నీలం డబ్బా మీద వేలు పెట్టింది. ఆమె చూపు డబ్బాల మీద లేదు, నా చేతుల మీద ఉంది. చాలా రోజుల తర్వాత వాటిలో చెక్క పలకలు చూసి సంతోషించిందనుకుంటాను.

మే 8

సొట్ట పడింది.

తలుపుల పలకలు గరాజులో కోసి, నునుపు చేసి, అడ్డపట్టీలు వేసి ఆరబెట్టాను. వాటిని బిగించే ముందు స్క్రూ పట్టు చూద్దామని, గోడ మీద ఒక పట్టీ పెట్టి డ్రిల్లుతో గట్టిగా బిగించాను. రేకు మడతల మధ్య ఖాళీ ఉంటుంది కదా, ఆ ఖాళీలోకి రేకు పుసుక్కున లోపలికి దిగిపోయింది. అరచేయంత గుంట. వెనక చెక్క దిమ్మె పెట్టి ఎత్తుచేసి బిగించాలని అప్పుడు తట్టింది.

నిచ్చెన దిగి గడ్డిలో కూర్చున్నాను. అంత చిన్న గుంటకి ఏడుపొచ్చింది. మచ్చలేని గోడ, నా చేత్తో నేనే పాడుచేశాను. ఏది ముట్టుకుంటే అది పాడవుతోంది. ఫిబ్రవరిలో ఆసుపత్రికి ఆ రాత్రే వెళ్దామని తనంటే, పొద్దున వెళ్దాంలే అన్నది నేనే.

డాక్టర్లు రాత్రి వచ్చినా ఫలితం ఉండేది కాదన్నారు. చంద్రిక కూడా అదే అంటుంది. వాళ్ళంతా మంచివాళ్ళు.

మే 9

వాన. రేకు మీద రోజంతా. ఆ గదిలో కూర్చోలేదు, గరాజులోనే ఉన్నాను.

మే 14

హోఫ్‌మన్ ఆంటీ కుక్కని తిప్పుకుంటూ వచ్చి గోడ కింద ఆగింది. దిమ్మెలు బిగిస్తున్నాను.

"అక్కడ కిటికీయే లేదు కదా" అంది జర్మన్‌లో.

"లేదు."

"మరి తలుపులెందుకు?"

వాస్తుకి జర్మన్ మాట నాకెక్కడ దొరుకుతుంది. "అందం కోసం" అన్నాను.

ఆవిడ తల ఊపి, కాసేపు పైకి చూసి, "లోపల ఏ గది?" అంది.

"పిల్లల గది" అన్నాను. నోట్లోంచి ఊడిపడింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఓ, మళ్ళీనా? ఎప్పుడు?" అంటూ చెయ్యి పట్టుకుంది. కాదు, ఇంకా లేదు అని చెప్పి చెయ్యి విడిపించుకున్నాను. పాపం ఆవిడ సారీ చెప్పుకుంటూ కుక్కని లాక్కుని వెళ్ళిపోయింది.

మళ్ళీ. ఆ మాట ఇంట్లో ఎవరం అనలేదు ఇంతవరకు.

మే 18, ఆదివారం

చంద్రిక తేరుకుంటోంది. రాసి పెట్టుకోవాల్సినంత మార్పు.

వంటింటి అరలన్నీ సర్దింది. పొడులకీ పచ్చళ్ళకీ సీసాల మీద పేర్లు రాసి అంటించింది, ఏది ఎన్నాళ్ళు ఉంటుందో కూడా. నన్ను పక్కన నిలబెట్టుకుని చారు పెట్టించింది. "చింతపండు నానబెట్టడం దగ్గర్నుంచి నువ్వే చెయ్యి, నేను చూస్తా" అంది. పోపు మాడ్చాను. తిట్టలేదు, మళ్ళీ పెట్టించింది. వాషింగ్ మెషీన్‌లో ఉన్నివి ఏ నంబరు మీద వెయ్యాలో చూపించింది. చెత్త ఏ వారం ఏ రంగు డబ్బానో ఫ్రిజ్ మీద అతికించింది.

కడుపుతో ఉన్నప్పుడు కూడా ఇలాగే సర్దుతూ ఉండేది. గూడు కట్టుకునే పక్షిలా అని నేను ఏడిపించేవాణ్ణి. మళ్ళీ ఆ గుణం వచ్చిందంటే మనసు అటువైపు తిరిగినట్టేగా.

కొత్త సూట్‌కేసు కూడా వచ్చింది. పాతదాని చక్రం ఊడింది. హైడెల్‌బర్గ్‌లో ఏవో మీటింగులున్నాయట, వాళ్ళ ల్యాబ్ పనే.

మే 24, శనివారం

బిగించేశాను!

దిమ్మెల మీద రెండు తలుపులు, మధ్యలో కిటికీ ఉండాల్సినంత వెడల్పు రేకు. రేకు ఎండకి సాగుతుందని కన్నాలు కొంచెం వదులుగా చేశాను. నీరు లోపలికి దిగకుండా ప్రతి స్క్రూ కింద రబ్బరు. సొట్ట ఎడమ తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. రోడ్డు మీంచి చూస్తే దేవుడి తోడు, కిటికీయే. తెల్లారి లోపల ఎవరో తెర తీస్తారేమో అన్నట్టుంది.

చంద్రికని పిలిచి చూపించాను. చాలాసేపు చూసింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"బాగుంది విక్రాంత్. చాలా బాగా చేశావు" అంది. నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. "నువ్వు మళ్ళీ ఆఫీసుకెళ్తావు కదా?"

"సోమవారమే వెళ్తా" అన్నాను.

ఆనందంతో మనిషి అంతలా ఏడవడం నేను చూడలేదు.

మే 26

వెళ్ళాను. అందరూ నడుం గురించి అడిగారు.

మే 30

చంద్రికతో మాట్లాడాను. ఇప్పుడు పన్నెండు కిటికీలు కదా, సరి సంఖ్యే కదా, నీ మనసులో భయం పోయింది కదా, డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుందామా అన్నాను.

"ఇప్పుడొద్దు."

"ఎప్పుడు మరి?"

"విక్రాంత్, నాకు మళ్ళీ అదంతా… నా వల్ల కాదు."

అలసిపోయి ఉంది. తర్వాత అడగాలి. ఆశ ఉన్నది నాకా, ఆమెకా? నాది కాదుగా ఈ వాస్తు. ఆమె అడిగింది, నేను చేశాను. మరి ఇప్పుడు వద్దంటే ఎలా?

జూన్ 4

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మిగిలిన పలకలు సెల్లార్‌లో పెడదామని పాత యజమానులు వదిలేసిన ఇనప బీరువా జరిపాను. దాని వెనక కిటికీ ఉంది. చిన్నది, సగం నేల కిందికి. అద్దం మీద దశాబ్దాల మట్టి, బయట జాలీ నిండా ఆకులు. కానీ కిటికీయే. చట్రం ఉంది, గడియ ఉంది, తెరిస్తే తెరుచుకుంది.

అంటే మొదట్నుంచీ పన్నెండే.

ఇప్పుడు పదమూడు. నేను చేశాను పదమూడు.

జూన్ 5

సెల్లార్ కిటికీ లెక్కలోకి వస్తుందా? మనుషులు ఉండని గది కదా. నెట్‌లో ఒకడు వస్తుందంటాడు, ఒకడు రాదంటాడు. వెంటిలేటరైతే రాదంటాడు ఇంకొకడు. మరి తెరుచుకునే వెంటిలేటర్ కిటికీయా, వెంటిలేటరా?

ఆఫీసులో మీటింగులో కూర్చుని ఇదే ఆలోచన. ఎవరో నా పేరు పిలిచారు, వినపడలేదు. అన్నీ సరిగా ఉన్న ఇంట్లో పాప ఎందుకు పోయింది? సరిగా ఉన్నదాన్ని కూడా నేను చెడగొట్టాను, ఇక రాబోయేది ఎలా వస్తుంది?

మునిగినవాడికి చలేమిటి. రేపు నేనే ఫోన్ చేస్తాను. చంద్రికకి తెలియక్కర్లేదు.

జూన్ 6, శుక్రవారం

ఆఫీసు కారిడార్‌లోంచి చేశాను. ఎలా మొదలెట్టాలో తెలియక, "సిద్ధాంతిగారూ, సెల్లార్‌లో కిటికీ కూడా లెక్కేనాండీ?" అన్నాను.

"ఎవరు బాబూ?"

చంద్రిక భర్తనని చెప్పాను. గుర్తుపట్టి కుశలం అడిగారు. తలుపుల సంగతంతా చెప్పుకొచ్చాను. ఆయన మధ్యలో ఆపారు.

"కిటికీ తలుపులేమిటి బాబూ? నేనేం చెప్పలేదే. మీ ఇల్లు నేనెప్పుడు చూశాను?"

"ఏప్రిల్‌లో చంద్రిక మీకు ఫోన్ చేసిందిగా?"

"చేసింది, చేసింది. ప్రయాణానికి మంచిరోజు పెట్టమంది. కొత్త ఉద్యోగమట కదా, ఇల్లు కూడా అక్కడే చూసుకుందట. వచ్చే సోమవారం త్రయోదశి, అనూరాధ నక్షత్రం వచ్చాక కదలమన్నాను. మన టైము మూడున్నర దాటాక. మీ టైముకి మీరు మార్చుకోవాలి. దక్షిణం వైపు కదా, సోమవారం దోషమేం లేదు."

కారిడార్‌లో ఎవరో వస్తుంటే పక్కకి జరిగాను.

"మీరిద్దరూ కలిసే కదా బాబూ వెళ్ళేది?" అన్నారు.

"ఆఁ. కలిసే" అన్నాను.

జూన్ 7

నన్ను కుర్చీలోంచి లేపడానికి.

వాస్తు పేరెత్తితే నేను గొడవపడతానని తెలుసు. గొడవపడాలంటే లేస్తానని తెలుసు. ఒకసారి గోడ వంక చూస్తే పట్టీలెక్కడున్నాయో వెతక్కుండా ఉండలేనని తెలుసు. ఏడేళ్ళ కాపురం మరి. నన్ను ఆ గదిలో అలా వదిలేసి పోలేకపోయింది, అందుకని ముందు లేపింది. పొడుల సీసాలూ, చారూ, చెత్త డబ్బాలూ, అన్నీ అందుకే.

కోపం వస్తుందేమోనని పొద్దున్నుంచీ చూస్తున్నాను. రావడం లేదు. వస్తే బాగుండేది, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

ఆశ ఆమెదని రాసుకున్నాను ఇన్నాళ్ళూ. వెనక్కి తిప్పి చదివాను. ప్రతి పేజీలోనూ నాదే.

జూన్ 8, ఆదివారం

భోజనాలయ్యాక చంద్రిక నా ఎదురుగా కూర్చుని, "విక్రాంత్, రేపు నేను హైడెల్‌బర్గ్…" అని మొదలెట్టింది.

"పన్నెండు దాటాక బయల్దేరు. అంతకుముందు విశాఖ నక్షత్రం" అన్నాను.

ఆమె చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఎప్పుడు తెలిసింది?"

"మొన్న. సెల్లార్‌లో కిటికీ దొరికింది, అది లెక్కకొస్తుందా అని సిద్ధాంతిగారిని అడిగాను."

"నువ్వా?" అంది. "నువ్వు అడిగావా?" నవ్వబోయి ముఖం చేతుల్లో దాచుకుంది. "అయ్యో విక్రాంత్. నేను నిన్ను లేపుదామనుకున్నా గానీ, ఇందులోకి తోద్దామనుకోలేదు."

చేతులు దించి తనే చెప్పింది. "నువ్వా గదిలో కూర్చుంటే, పాపతో పాటు నువ్వూ పోయావనిపించేది. గుమ్మం దగ్గర నిలబడి నీ ఊపిరి వినేదాన్ని. ఇద్దరి కోసం ఏడవడం నా వల్ల కాలేదు. నేనిక్కడే ఉంటే నీ కుర్చీ పక్కన నేనూ ఒక కుర్చీ వేసుకుంటా. భయమేసింది."

"నాతో చెప్పొచ్చుగా."

"ఎవరితో చెప్పను? వినేవాడు ఉన్నాడా అప్పుడు?"

నిజమే. లేడు.

"మళ్ళీ వస్తావా?" అని అడిగాను. అడక్కూడదనుకుని మరీ అడిగాను.

"తెలీదు. ఒక అబద్ధం చెప్పాను నీకు, చాలు. ఇంకోటి చెప్పలేను."

ఉండమని అనలేదు. అంటే ఉండిపోతుందేమోనని భయం. ఉండిపోతే, తను చెప్పిన ఆ రెండో కుర్చీ.

జూన్ 9, సోమవారం

ఇవాళ ఇక్కడ సెలవు. ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. స్టేషన్ దాకా కారులో దింపుతానంటే వద్దంది. "నువ్వు ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే నేను రైలెక్కలేను." బస్సులోనే వెళ్తానంది.

పన్నెండు దాటింది. తను షూ లేసులు కట్టుకుంటుంటే హఠాత్తుగా గుర్తొచ్చింది. మా ఇళ్ళల్లో మనిషి ప్రయాణమైతే ఎవరో ఒకరు ఎదురు రావాలి. ఖాళీ వీధిలోకి పంపరు. మా మేనత్త ప్రతిసారీ నీళ్ళ బిందెతో వీధిలోకి పరిగెత్తేది. ఇక్కడెవరున్నారు?

పెరటి తలుపు తీసుకుని వెళ్ళాను. బిందె లేదు. మొక్కలకి నీళ్ళు పోసే పచ్చ ప్లాస్టిక్ క్యాన్ ఉంది. కుళాయి కింద పెట్టి అంచు దాకా నింపాను. ఇల్లు చుట్టూ తిరిగి, తూర్పు గోడ పక్కనుంచి దిగి, గేటు బయటికి వచ్చి, రోడ్డు మీంచి ఎదురు నడిచాను.

తను అప్పుడే గేటు దాటుతోంది. నన్ను చూసి ఆగింది. క్యాన్ చూసింది. నీళ్ళు నా ప్యాంటు మీద ఒలుకుతున్నాయి. ఒంటరి మగవాడు ఎదురైతే మంచిది కాదంటారు, నిండు నీళ్ళు ఎదురైతే శుభమంటారు. రెండూ కలిసి వస్తే ఏమిటో సిద్ధాంతిగారిని అడగలేదు.

"విక్రాంత్" అంది.  పెదవులు బిగపట్టి, నా భుజం మీద తల ఒక్క క్షణం ఆనించి, తీసేసింది. పద, బస్సొస్తుంది అన్నాను.

నన్ను దాటి వెళ్ళింది. సూట్‌కేసు చక్రాలు రాళ్ళ మీద చప్పుడు చేసుకుంటూ వాలు దిగాయి. హోఫ్‌మన్ ఆంటీ ఇల్లు దాటింది. మలుపు దగ్గర మెల్లగా నడిచింది, నాకు తెలుసు, నేను పిలుస్తానేమోనని మెల్లగా నడిచింది.

చంద్రికా అని గొంతుదాకా వచ్చింది. పిలిస్తే తిరిగేది.

ప్రయాణమైన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. నేను పిలవలేదు.